తీపి దిగని కుండ

"ఊట ధ్వంసం" అనే మాట మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పేపర్లు చదివేవాళ్లకు కొత్త కాదు. ఫలానా తండా పక్క వాగులో ఇన్ని వందల లీటర్ల బెల్లం ఊట పారబోశారు, ఇంతమంది మీద కేసు పెట్టారు అని నాలుగు లైన్లు వస్తాయి. పక్కనే బోర్లించిన ప్లాస్టిక్ డ్రమ్ము ఫొటో ఉంటుంది. ఆ వార్తలో తండా పేరు ఉంటుంది గానీ, ఆ డ్రమ్ము అక్కడికి ఎలా వచ్చిందన్నది ఉండదు. డ్రమ్ముకు ముందు కుండ ఉండేది. బెల్లానికి ముందు గింజ ఉండేది, చెట్టు ఉండేది. ఆ కుండ చరిత్ర మన పిల్లలకు తెలియాలి. ఎందుకంటే వాళ్లలో చాలామందికి తెలిసిందల్లా కేసు ఒక్కటే.

ముందు కుండలో ఏం జరుగుతుందో చూద్దాం. కల్లైనా, గింజతో చేసే పానీయమైనా, ఊటైనా, అన్నిట్లో జరిగే పని ఒకటే. తీపి దిగాలి, ఘాటు ఎక్కాలి. నురుగు తేలి కుండ బుసబుసమంటుంటే పని జరుగుతున్నట్టు. మూడో రోజుకీ నాలుక మీద బెల్లంపాకం లాగే తగులుతుంటే కుండ ఆగిపోయినట్టు. ఆగిన కుండను మళ్లీ నడిపించడమే అసలు పనితనం. గింజ నానబెట్టడం ఎవరైనా చేస్తారు. తీపి దిగని కుండను కాపాడటం మాత్రం అనుభవం ఉన్న చేతికే తెలుస్తుంది. తూర్పు కనుమల్లో, మధ్య భారతంలో గింజ పానీయం చేసే ఇళ్లలో ఆ చెయ్యి ఎక్కువగా ఆడవాళ్లదే.

రాగి సంగతే తీసుకోండి. కుప్పం, పుంగనూరు పల్లెల్లో రాగి సంగటి లేని రోజు ఉండేది కాదు. ఈ గింజ తూర్పు ఆఫ్రికా ఎత్తుసీమల నుంచి వేల ఏళ్ల కిందట మన దేశానికి చేరిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఉగాండాలో టేసో జనం ఇప్పటికీ ఈ గింజను మొలకెత్తించి, పులియబెట్టి, కుండ చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో తాగుతారు. నేపాల్, సిక్కిం కొండల్లో ఇదే గింజతో చేసేది తోంగ్బా. కోరాపుట్ కొండల్లో రాగితో చేసేది పెండొం, బస్తర్‌లో బియ్యంతో చేసేది లండా, జార్ఖండ్‌లో హండియా. మా చిత్తూరు వైపు రాగి అంబలి దగ్గరే ఆగింది, మత్తు కోసం ఈతచెట్టు ఉంది. అందువల్ల గింజ పానీయం గురించి మాట్లాడాలంటే మేం కొండల్లో ఉండే మన వాళ్ల దగ్గరికే వెళ్లాలి. అందులో చిన్నతనమేమీ లేదు.

రాగిగింజలో ఉండేది పిండి. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి నేరుగా తినలేదు, దానికి చక్కెర కావాలి. గింజ మొలకెత్తినప్పుడు పిండిని చక్కెరగా కోసే ఎంజైములు దానిలోనే పుడతాయి. మొలకలను ఎండబెట్టి, దంచి, ఆ పిండిని గోరువెచ్చకు కాస్త పైన ఉన్న జావలో కలిపితే జావ పలచబడి తియ్యగా మారుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడి చాలు. సలసల కాగితే ఎంజైములు చచ్చిపోతాయి, జావ జావగానే మిగిలిపోతుంది. కాబట్టి కుండ తియ్యగా ఉందంటే సగం పని అయినట్టే లెక్క, గింజ తన వంతు చేసింది. మిగతా సగం ఈస్టు చెయ్యాలి. అది చక్కెరను తిని ఆల్కహాలు, బొగ్గుపులుసు గాలి వదులుతుంది. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల గాలి వస్తాయి. తీపిలో దాదాపు సగం బరువు గాలిలో కలిసిపోతుంది. పదో తరగతి పిల్లలకు రసాయన సమీకరణం చెప్పేటప్పుడు ఈ లెక్క చెప్పి చూడండి, ఒక్కడూ నిద్రపోడు.

ఈస్టు ఎందుకు ఆగుతుంది? మొదటి కారణం చలి. మదనపల్లె ఎత్తు మీద ఉన్న ఊరు, పక్కనే హార్స్లీ కొండలు నాలుగు వేల అడుగుల పైమాటే. మార్గశిరం, పుష్యమాసాల్లో ఇడ్లీపిండే పొంగదు, ఇక కుండ సంగతి చెప్పాలా? రెండోది తీపి మితిమీరడం. పండు తేనెలో వేస్తే కుళ్లదు, మామిడికాయ బెల్లంపాకంలో ఏడాది నిలుస్తుంది. ఆ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. చక్కెర మరీ చిక్కగా ఉంటే ఈస్టు కణంలోని నీళ్లే బయటికి లాగేస్తుంది, అది తిండి మధ్యలో ఉండి ఎండిపోతుంది. మూడోది, తోడు చచ్చినది కావడం. వేడి జావలో తోడు వేస్తే అది ఉడికిపోతుంది. నాలుగోది ఆకలి. ఈస్టుకు చక్కెర ఒక్కటే చాలదు, నత్రజని కూడా కావాలి. గింజలో అది ఉంటుంది, ఉత్త బెల్లంనీళ్లలో తక్కువ. ఈ నాలుగో కారణం గుర్తుపెట్టుకోండి, చరిత్రలో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కాపాడే పద్ధతిలో మంత్రమేమీ లేదు. మొదట కుండకు చెవి ఆనించి వినాలి. సన్నగా చిటపట వినిపిస్తే అది బతికే ఉంది, తొందరపడకుండా పొయ్యి పక్కకు జరిపి గడ్డిలోనో గోనెలోనో చుట్టాలి. చప్పుడు లేకపోతే, పక్కింట్లో బాగా పొంగుతున్న కుండ నుంచి ఒక చెంబు తెచ్చుకోవాలి. దాన్ని ఒక్కసారిగా తీపి కుండలో పోయకూడదు. ఆగిన కుండలోని తియ్యనీళ్లు కొంచెం ఆ చెంబులోకి పోసి, అది పొంగాక ఇంకొంచెం పోసి, అలవాటు చేసి, అప్పుడు మొత్తం కలపాలి. కొత్త కోడలిని మొదటిరోజే ఇరవైమంది వంటకు నిలబెట్టకూడదన్నట్టు. మరీ చిక్కగా ఉంటే కాచి చల్లార్చిన నీళ్లు చేర్చాలి. ఇంకాస్త బెల్లం వేస్తే లేస్తుందేమో అనుకోవడం పొరపాటు, ఆగిన కుండకు తీపి చేర్చితే ఇంకా బిగుసుకుపోతుంది. ఇంకో మాట, తీపి మిగిలి ఉండగా సీసాలో పోసి మూత బిగించకూడదు. లోపల గాలి పుడుతూనే ఉంటుంది, సీసా పేలుతుంది. కుండకు ఆకుమూత వెయ్యడం వెనక ఈ జ్ఞానం ఉంది.

జీలుగుకల్లుకు ఈ బాధ తక్కువ. చెట్టు నుంచి దిగే నీరా తియ్యగా ఉంటుంది, కానీ నిన్నటి కల్లు అడుగు ఉన్న కుండలోకే ఈరోజు నీరా దిగుతుంది కాబట్టి, తోడు కుండ గోడల్లోనే ఉంటుంది. కుండను కడిగి సున్నం పూస్తే తీపి నిలుస్తుంది, పూయకపోతే పొద్దెక్కేసరికి పులుస్తుంది. ఎంత తీపి కావాలి, ఎంత ఘాటు కావాలి అన్నది సున్నంతో, వేళతో నడిపించుకుంటారు. కొండరెడ్ల గురించి హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. జీలుగు కాలంలో వాళ్లకు అది తాగుడు కాదు, తిండి అని ఆయన గమనించాడు. గింజ అయిపోయిన నెలల్లో ఆ చెట్టే ఇంటిని నిలబెట్టేది.

ఇంత తెలిసినా మన పెద్దలకు దక్కని పేరు ఒక ఫ్రెంచి పెద్దమనిషికి దక్కింది. ఆయన దానికి తగినవాడే, కాదనను. 1856లో లిల్ పట్టణంలో బీగో అనే వ్యాపారి చక్కెరదుంపతో ఆల్కహాలు తీసేవాడు. ఆయన తొట్లు చెడిపోతుంటే అక్కడి కాలేజీలో రసాయనం చెప్పే లూయీ పాశ్చర్ దగ్గరికి వెళ్లాడు. పాశ్చర్ రెండు రకాల తొట్ల నుంచి చుక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూశాడు. బాగున్న తొట్టిలో గుండ్రటి కణాలు, చెడిన తొట్టిలో సన్నటి పుల్లల్లాంటివి కనిపించాయి. పులవడం బతికున్న జీవుల పని అని అలా తేలింది. 1876లో ఆయన బీరు మీదే ఒక పుస్తకం అచ్చువేశాడు. 1897లో ఎడువర్డ్ బుఖ్నర్ ఈస్టును నలిపి తీసిన రసం కూడా చక్కెరను పులియబెడుతుందని చూపించి, 1907లో నోబెల్ తీసుకున్నాడు. వ్యాపారి తొట్టి చెడితే అది శాస్త్రం పుట్టిన కథ అయింది. అదే కాలంలో మన కుండ ఏమైందో చూడండి.

మద్రాసు ప్రెసిడెన్సీలో కల్లు, సారా మీద వచ్చే ఆబ్కారీ సొమ్ము సర్కారుకు పెద్ద ఆదాయం. వేలం పాడినవాడికే అమ్మే హక్కు. ఇంట్లో వాడుకోవడానికి చెట్టు గీసుకున్నా పన్ను కట్టాలి లేదా నేరం. గోదావరి పైన రంప కొండల్లో మనసబుదారు చిగురుపన్ను వసూలు చేసేవాడు. సొంత వాడకానికి కల్లు గీయరాదన్న కొత్త నిబంధన, కాంట్రాక్టర్ల దోపిడీ, వాటిపైన మొదలుపన్ను అని ఇంకో వడ్డింపు కలిసి 1879 మార్చిలో రంప తిరుగుబాటుగా లేచాయి. చోడవరం నుంచి గొలుగొండ, భద్రాచలం దాకా పాకింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్లు ముందు నిలిచారు. మన పాఠ్యపుస్తకాల్లో 1922 నాటి అల్లూరి మన్యం పోరాటానికి ఉన్నన్ని పేజీలు దీనికి లేవు. ఒక పోరాటానికి కల్లుకుండ కారణమని రాయడానికి పుస్తకం రాసేవాళ్లకు మొహమాటం కావచ్చు. పోరాటం తాగుడు కోసం కాదు. ఇంటి చెట్టు ఇంటివాళ్లది అన్న మాట కోసం.

తిరుగుబాటు అణిచాక కూడా చట్టం మెత్తబడలేదు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా మత్తుపానీయం చెయ్యడం నేరమైంది. అదే కాలంలో బెంగళూరులోనూ, నీలగిరుల్లోనూ తెల్లసైనికుల కోసం బీరు కార్ఖానాలు నడుస్తున్నాయి. 1915లో థామస్ లీష్మన్ అనే స్కాట్లండు మనిషి దక్షిణాదిలోని ఐదు కార్ఖానాలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. కుప్పం నుంచి బెంగళూరు రైల్లో రెండు మూడు గంటలు. ఆ రైలుపట్టాకు ఒక చివర మొలకెత్తిన బార్లీ పులిస్తే పరిశ్రమ, ఇంకో చివర ఏ గుడిసెలోనైనా కుండ పులిస్తే కేసు.

మా సుగాలీల కథలో ఆ రైలుపట్టాకు ఇంకో పాత్ర కూడా ఉంది. మా పూర్వులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ దేశం తిరిగినవాళ్లు. జోలార్‌పేట నుంచి బెంగళూరుకు రైలు 1864లో పడింది. రైలు మోసేదాన్ని ఎద్దు ఎందుకు మోస్తుంది? ఎరుకలవాళ్ల గాడిదల ఉప్పువ్యాపారం కూడా ఇలాగే పోయింది. పని పోయి తిరుగుతున్నవాళ్లను సర్కారు దొంగలన్నది. 1871లో ఉత్తరాన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. అది 1952 ఆగస్టు 31న గానీ రద్దు కాలేదు. మీ జాతే నేరం అన్నప్పుడు కుండ నేరం కావడం పెద్ద వింత కాదు.

ఆపై మా జిల్లాకు ఇంకో ప్రత్యేకత దక్కింది. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, సరిగ్గా ఏడాదికి 1938 అక్టోబరు 1న చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. అంటే ఇప్పటి తెలుగు నేల మీద నిషేధం మొదట చూసింది మనమే. పోయిన ఆబ్కారీ ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు, అదీ ఇక్కడే పుట్టింది. ఇంటాయన కూలిడబ్బులు ఇంటికి తెచ్చిన కుటుంబాలు ఆ రోజుల్లో ఉన్నాయి, ఆ మేలును కొట్టిపారెయ్యలేం. కానీ కుప్పం, పుంగనూరు, మదనపల్లెలకు అవతల మైసూరు సంస్థానం. అక్కడ ఈ చట్టం వర్తించదు. రాళ్లగుట్టలు, అడవి, సరిహద్దు, పని లేని జనం నాలుగూ ఒకచోట చేరాయి. చాటున కాచే సారాకు ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది? 1948 నాటికి నిషేధం ప్రెసిడెన్సీ అంతటా పరుచుకుంది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తెయ్యమంది. ఆ గొడవలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులు మంత్రివర్గం పడిపోయింది. ఒక కుండకు ప్రభుత్వాన్ని కూల్చేంత బలం ఉంది మరి.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. గింజ పానీయమైనా కల్లైనా పలచనిది. చాలా తాగితే గానీ మత్తెక్కదు, రెండు రోజుల్లో పాడవుతుంది, మొయ్యడానికి బరువు, వాసన దాచలేం. అది నలుగురిలో కూర్చుని ఆరోజే తాగే వస్తువు. కుండకూ సీసాకూ ఒకే శిక్ష అయినప్పుడు కుండ ఓడిపోతుంది. చిన్నసీసాలో దాచగలిగేది, నెలలు నిలిచేది, దూరం మోయగలిగేది సారా. కాబట్టి నిషేధం మన పలచని పానీయాలను చంపి, చిక్కటి సారాను బతికించిందని నేననుకుంటాను. గింజ పోయి బెల్లం రావడమూ అలాగే. బెల్లానికి మొలకలు అక్కర్లేదు, మూడురోజుల నానబెట్టడం అక్కర్లేదు, చిత్తూరు జిల్లాలో చెరకు గానుగలకు కొదవ లేదు. పోలీసు వచ్చేలోపు పని అయిపోవాలి.

నాలుగో కారణం గుర్తుందా? బెల్లంనీళ్లలో ఈస్టుకు ఆకలి. అందుకే బెల్లం ఊట మొరాయిస్తుంది, తీపి దిగదు. ఓపిక ఉన్న చెయ్యి తుమ్మచెక్క, మంచి తోడు, వెచ్చదనంతో దాన్ని నడిపిస్తుంది. తొందరలో ఉన్న చెయ్యి నవసాగరం వేస్తుంది, ఇంకా తొందరైతే యూరియా వేస్తుంది. నత్రజని దొరికి ఊట లేస్తుంది, నిజమే. కానీ యూరియా ఆల్కహాలుతో కలిసి కాగినప్పుడు ఇథైల్ కార్బమేట్ అనే పదార్థం పుడుతుంది, అది క్యాన్సరు కారకం అని శాస్త్రజ్ఞుల అనుమానం. ఇక ఊరంతా ఒకేసారి చచ్చిపోయే వార్తల వెనక ఎక్కువగా ఉండేది బెల్లం కాదు, కార్ఖానాల మిథైల్ ఆల్కహాలు కలిపినవాడి లాభం. మన యువకులు ఈ తేడా తెలుసుకోవాలి. "తాతలూ తాగారు కదా" అనేవాడికి తాతలు తాగింది ఇది కాదని చెప్పగలగాలి.

సారా తండాలను ఎంత తినేసిందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బడి మధ్యలో మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్తే సగం ఇళ్లలో కారణం గుమ్మంలోనే కూర్చుని కనిపిస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగినప్పుడు, అక్షరాస్యత పుస్తకాల్లో చదివిన పాఠాలే వాళ్లకు మాటలిచ్చాయి. మనలాంటి ఉపాధ్యాయులకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఏముంది? ఆ పోరాటంతోనే 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. రెండేళ్లకే రెండోది సడలింది. పానీయం పేరుతో సారాను వెనకేసుకొచ్చే వ్యాసం ఇది కాదని ఇక్కడే చెప్పేస్తున్నాను. దూబగుంట ఆడవాళ్లు వ్యతిరేకించింది కాంట్రాక్టరు ప్యాకెట్లను. రంపలో 1879లో కొట్టిందీ కాంట్రాక్టరునే.

చట్టం కూడా ఈ తేడాను ఒకటి రెండుసార్లు గుర్తించింది. 1975లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల్లో, గిరిజన ప్రాంతాల్లో మద్యం వ్యాపారం ఆపండి, గిరిజనులు సొంతానికి, పండగలకు చేసుకునే సంప్రదాయ పానీయాలను చేసుకోనివ్వండి అని ఉంది. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం మత్తుపానీయాలను నిషేధించాలా, నియంత్రించాలా అన్న అధికారం గ్రామసభకు ఇచ్చింది. అయితే పెసా షెడ్యూల్డు ప్రాంతాలకే వర్తిస్తుంది. చిత్తూరు సీమలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. మదనపల్లె చుట్టూ ఉన్న సుగాలీ, ఎరుకల, యానాది కుటుంబాలు ఎస్టీ జాబితాలో ఉన్నాయి గానీ, వాళ్ల గ్రామసభకు ఈ అధికారం లేదు. పాడేరు అక్కచెల్లెళ్లు గ్రామసభలో కూర్చుని "మా ఊళ్లో బెల్టుషాపు వద్దు, పండక్కి మా కుండ మాకుంటుంది" అని తీర్మానం రాయగలరు. మా తండాలో అదే మాట రాస్తే అది ఉత్త కాగితం. మైదానపు గిరిజనుల గురించి మాట్లాడేటప్పుడు భూమి, ఇళ్లస్థలం, స్కాలర్‌షిప్పు గురించే అడుగుతాం. ఇదీ అడగాల్సిన సంగతే.

ఉపాధ్యాయ మిత్రులకు బడిలో చెయ్యదగిన పని ఒకటి. కుండ అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు. మూడు చిన్న సీసాల్లో గోరువెచ్చని బెల్లంనీళ్లు తీసుకోండి. ఒకదానిలో పలచగా, ఒకదానిలో పాకమంత చిక్కగా, మూడోది పలచనే గానీ మంచు కలిపిన నీళ్ల గిన్నెలో పెట్టింది. బేకరీ ఈస్టు చిటికెడు చొప్పున వేసి, సీసా మూతులకు బెలూన్లు తొడగండి. గంటలో ఏది ఉబ్బిందో, ఏది ఉబ్బలేదో పిల్లలే చెబుతారు. తర్వాత చిక్కటిదానిలో నీళ్లు చేర్చి, చల్లటిదాన్ని వెచ్చగా పెట్టి మళ్లీ చూడమనండి. అయ్యాక పారబోసేయండి. అదే రోజు పాశ్చర్ పాఠం, రంప పాఠం పక్కపక్కనే చెప్పొచ్చు.

పిల్లలను ఇళ్లకు పంపి పెద్దవాళ్లను అడగమంటే మొదట ఎవరూ నోరు విప్పరు. కుండ గురించి అడిగినవాడు ఎక్సైజువాడే అని వాళ్ల అనుభవం. అందుకని ఇడ్లీపిండి నుంచి, అంబలి నుంచి, మజ్జిగ తోడు నుంచి మొదలుపెట్టమనండి. తోడు చచ్చిపోతే ఏం చేసేవారు, ఎవరింటి నుంచి తెచ్చేవారు, చలికాలం ఎక్కడ పెట్టేవారు అని. అరకు, పాడేరు వైపు పనిచేసే మిత్రులు పోర్జా, గదబ ఇళ్లలో రాగికుండకు తోడుగా ఏం వేస్తారో, అందులో ఏ వేరు, ఏ బెరడు పడుతుందో వాళ్ల భాషలో వాళ్లు పిలిచే పేర్లతోనే రాసి పెట్టండి. పక్కన తెలుగు పేరు తెలిస్తే రాయండి, తెలియకపోతే ఖాళీ వదలండి. మా వైపు నుంచి ఊటకు, నురుగుకు, తోడుకు సుగాలీ మాటలు మేం జతచేస్తాం.